ఆస్ట్రోసైట్‌లో పెరిగిన కాల్షియం గ్లూటమేట్ గ్రాహకం పనేనా? మెదడు స్లైసుల్లో తేల్చుకునే పద్ధతి

కాల్షియం పెరిగితే వెలిగే రంగు ఎక్కించిన మెదడు స్లైసు (బతికి ఉన్న మెదడు నుంచి కోసిన పలచని ముక్క) మీదకు, న్యూరాన్లు సంకేతాలకు వాడే గ్లూటమేట్ కలిపిన ద్రావణం పారగానే సూక్ష్మదర్శిని కింద ఆస్ట్రోసైట్‌లు, అంటే న్యూరాన్లకు తోడుగా ఉండే ఒక రకం గ్లియల్ కణాలు, ఒకదాని తర్వాత ఒకటి వెలగడం మొదటిసారి చూసినప్పుడు, వెతుకుతున్న జవాబు దొరికిపోయిందనే అనిపిస్తుంది. గ్లూటమేట్ ఇచ్చాం, కణంలో కాల్షియం పెరిగింది, కాబట్టి ఆ కణం మీద గ్లూటమేట్ గ్రాహకాలు ఉన్నాయని మనసు వెంటనే లెక్క కట్టేస్తుంది. అయితే ఆ వెలుగుకు కనీసం నాలుగు దారులున్నాయి. గ్లూటమేట్ నేరుగా ఆస్ట్రోసైట్ గ్రాహకాన్నే తాకి ఉండవచ్చు. పక్కనున్న న్యూరాన్లను ఉత్తేజపరిస్తే అవి విడుదల చేసిన ఏటీపీ అనే సంకేత రసాయనమో మరొకటో ఆస్ట్రోసైట్‌ను చేరి ఉండవచ్చు. గ్లూటమేట్‌ను లోపలికి లాక్కునే వాహక ప్రోటీన్ల వెంట వచ్చిన సోడియం కాల్షియాన్ని కదిలించి ఉండవచ్చు. లేదా పొరుగు గ్లియల్ కణంలో మొదలైన అల ఇక్కడిదాకా పాకి ఉండవచ్చు. మీరు చూసింది ఈ నాలుగింటిలో ఏదో తేలేలా ప్రయోగాన్ని మొదటి రోజు నుంచే ఎలా కట్టుకోవాలో ఈ వ్యాసంలో మెట్టుమెట్టుగా చెబుతాను. స్లైసులు కోయడం, ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని వాడటం కొంతవరకు తెలిసిన పరిశోధక విద్యార్థుల కోసం రాస్తున్నాను. జంతు ప్రయోగాలకు మీ సంస్థలోని నైతిక సంఘం అనుమతి చేతికి వచ్చాకే ఇందులో ఏ మెట్టైనా మొదలుపెట్టాలి.

ఇంత జాగ్రత్త ఎందుకో ఈ రంగం నడిచిన తీరే చెబుతుంది. 1990లో ఆన్ కార్నెల్-బెల్, స్టీఫెన్ స్మిత్, వారి సహచరులు హిప్పోకాంపస్ (జ్ఞాపకశక్తికి ముఖ్యమైన మెదడు భాగం) నుంచి తీసి ప్రయోగశాలలో పెంచిన ఆస్ట్రోసైట్‌లకు గ్లూటమేట్ ఇచ్చి, వాటిలో కాల్షియం హెచ్చుతగ్గులనూ ఒక కణం నుంచి మరో కణానికి పాకే అలలనూ చూపారు. 1996లో పోర్టర్, మెకార్తీ హిప్పోకాంపస్ స్లైసుల్లో సైనాప్స్‌ల (న్యూరాన్లు కలిసే సంధుల) నుంచి విడుదలైన గ్లూటమేట్‌కు కూడా ఆస్ట్రోసైట్‌లు స్పందిస్తాయని నిరూపించారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఈ పనిలో ఎక్కువ భాగం బాల్యదశలోని ఎలుకలు, చిట్టెలుకల మీదే సాగింది, ఎందుకంటే వాటి స్లైసులు బలంగా బతుకుతాయి, కాల్షియం రంగులను సులువుగా పీల్చుకుంటాయి. 2013లో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ అలవాటును నిలదీసింది. కాల్షియాన్ని పెంచే ఎంగ్లూఆర్5 అనే గ్లూటమేట్ గ్రాహకం చిట్టెలుక పిల్లల ఆస్ట్రోసైట్‌లలో ఉంటుందని, పుట్టిన 3 వారాల తర్వాత అది దాదాపు కనిపించకుండా పోతుందని, ఎంగ్లూఆర్3 మాత్రం పెద్దవాటిలోనూ నిలిచి ఉంటుందని వారు చూపారు. అంటే ఒకే మందు, ఒకే ప్రాంతం, ఒకే జాతి జంతువు అయినా వయసు మారితే జవాబు తారుమారవుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే కింది మెట్లలో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటి మెట్టు: కణం, గ్రాహకం, వయసు ముందుగా రాసి పెట్టుకోండి

"గ్లియల్ కణాల్లో గ్లూటమేట్ సంకేతాలు" అనే మాట ప్రయోగానికి పనికిరాదు, అది మరీ విశాలం. నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయండి: ఏ ప్రాంతంలో, ఏ గ్లియల్ కణంలో, ఎన్ని రోజుల వయసు జంతువులో, ఏ గ్రాహకం పనిని పరీక్షిస్తున్నారు. ఈ వాక్యం పూర్తిగా రాయలేకపోతే స్లైసులు కోయడానికి ఇంకా సమయం రాలేదని అర్థం.

ఎంపికకు ఆధారంగా కొన్ని విషయాలు తెలిసి ఉండాలి. గ్లూటమేట్ గ్రాహకాల్లో ఆంపా, కైనేట్, ఎన్ఎండీఏ అనేవి స్వయంగా అయాన్ ద్వారాలు. గ్లూటమేట్ అంటుకోగానే అవి తెరుచుకుంటాయి. ఎంగ్లూఆర్ కుటుంబంలోని 8 గ్రాహకాలు మాత్రం కణం లోపలికి సంకేతాన్ని అందించే జీ ప్రోటీన్ల ద్వారా పనిచేస్తాయి. ఎంగ్లూఆర్5 జీక్యూ ప్రోటీన్‌ను కదిలిస్తే, ఫాస్ఫోలైపేజ్ సీ అనే ఎంజైమ్ ఐపీ3 అనే చిన్న అణువును తయారుచేస్తుంది, అది ఎండోప్లాస్మిక్ రెటిక్యులం మీదున్న ఐపీ3 గ్రాహకాన్ని తెరుస్తుంది, అక్కడ నిల్వ ఉన్న కాల్షియం కణద్రవ్యంలోకి వస్తుంది. ఆస్ట్రోసైట్‌లలో ఈ పనికి ప్రధానమైనది ఐపీ3 గ్రాహకాల్లో రెండో రకం. ఎంగ్లూఆర్3 దారి వేరు: అది జీఐ ప్రోటీన్ ద్వారా సైక్లిక్ ఏఎంపీ అనే మరో సంకేత అణువును తగ్గిస్తుంది కాబట్టి కాల్షియం సూచికలో దాని పని అసలు కనబడకపోవచ్చు.

కణాన్ని బట్టి కూడా గ్రాహకాలు మారతాయి. అనుమస్తిష్కంలోని బెర్గ్‌మన్ గ్లియాలో ఉన్న ఆంపా గ్రాహకాల్లో గ్లూఏ2 ఉపభాగం లేనందువల్ల అవి కాల్షియాన్ని నేరుగా లోపలికి రానిస్తాయి. ఎన్‌జీ2 కణాలు (మైలిన్ తొడుగు కట్టే ఆలిగోడెండ్రోసైట్‌లకు పూర్వకణాలు) మరీ విశేషమైనవి. న్యూరాన్లు వాటితో నిజమైన సైనాప్స్‌లు ఏర్పరచుకుంటాయని, వాటిలో ఆంపా గ్రాహకాల ద్వారా విద్యుత్ ప్రవాహాలు పుడతాయని 2000లో డ్వైట్ బెర్గ్‌లెస్, సహచరులు హిప్పోకాంపస్‌లో చూపారు. కాబట్టి ఒక గ్లియల్ కణంలో తెలిసినదాన్ని మరో దానికి అంటగట్టవద్దు. మీరు ఎంచుకున్న కణంలో ఆ గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏ ఆ వయసులో ఉందో లేదో ముందే చూసుకోండి. బెన్ బారెస్ ప్రయోగశాల 2014లో విడిగా తీసిన మెదడు కణాల ఆర్‌ఎన్‌ఏ సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది, అక్కడ పది నిమిషాలు గడిపితే నెలల పని మిగలవచ్చు. ఇక్కడి నుంచి నేను హిప్పోకాంపస్ ఆస్ట్రోసైట్‌నూ ఎంగ్లూఆర్5నూ ఉదాహరణగా తీసుకుంటాను.

రెండో మెట్టు: కాల్షియం సూచికను వయసుతో ముడిపెట్టి ఎంచుకోండి

ఫ్లూఓ-4 ఏఎం వంటి రంగులు రెండు వారాల లోపు పిల్లల స్లైసుల్లో చక్కగా ఎక్కుతాయి. 5 మైక్రోమోలార్ రంగును రంగు కరగడానికి తోడ్పడే ప్లూరోనిక్ ఎఫ్-127 కొద్దిగా కలిపి, 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పావుగంట నుంచి గంట ఉంచితే, ఆస్ట్రోసైట్‌ల కణదేహాలు స్పష్టంగా కనబడతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ రంగులు సరిగా ఎక్కవు. ఎక్కినా కణదేహమూ మందపాటి శాఖలే కనబడతాయి. ఆస్ట్రోసైట్‌లో సైనాప్స్‌లను తాకేది మాత్రం స్పాంజిలా విస్తరించిన అతి సన్నని శాఖలు. ఎలుక హిప్పోకాంపస్‌లో ఒక్క ఆస్ట్రోసైట్ పరిధిలో లక్షకు పైగా సైనాప్స్‌లు ఉంటాయని అంచనా. అక్కడ జరిగేది చూడాలంటే జన్యుపరంగా తయారుచేసిన జీక్యాంప్ సూచికలే (కాల్షియం అంటుకుంటే వెలిగే ప్రోటీన్లే) దిక్కు. ఎల్‌సీకే అనే చిన్న తోక తగిలించిన జీక్యాంప్ కణత్వచానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి సన్నని శాఖల్లోని మెరుపులను బాగా పట్టిస్తుంది. ఆస్ట్రోసైట్‌లలో మాత్రమే పనిచేసే జీఎఫ్ఏఏబీసీ1డీ ప్రమోటర్‌తో (జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ భాగంతో), జన్యువును మోసుకెళ్లే ఏఏవీ వైరస్ ద్వారా ఇస్తే రెండు మూడు వారాల్లో సూచిక తయారవుతుంది.

ఇక్కడ చాలామంది గమనించకుండా పడే ఒక ఉచ్చు ఉంది. పిల్లల్లో ఫ్లూఓ-4, పెద్దవాటిలో జీక్యాంప్ వాడి, రెండింటినీ పక్కపక్కన పెట్టి "వయసుతో స్పందన తగ్గింది" అని రాస్తారు. తగ్గింది గ్రాహకమా, మారింది సూచికా అన్నది ఆ ప్రయోగంలో విడదీయలేం. రెండు వయసులను పోల్చాలనుకుంటే రెండింటిలోనూ ఒకే సూచిక ఉండాలి. నవజాత పిల్లలకే వైరస్ ఇవ్వడం గానీ, ఆస్ట్రోసైట్‌లలో క్రే ఎంజైమ్ (లాక్స్‌పీ గుర్తుల మధ్య డీఎన్‌ఏను కత్తిరించేది) ఉన్న చిట్టెలుకలను జీక్యాంప్ చిట్టెలుకలతో సంకరపరచడం గానీ చేయండి. ఖర్చూ సమయమూ పెరుగుతాయి, నిజమే. కానీ పోలికే మీ ప్రశ్న అయినప్పుడు దీనికి ప్రత్యామ్నాయం లేదు.

వైరస్ మోతాదు ఎక్కువైతే, సూదితో గుచ్చిన చోట ఆస్ట్రోసైట్‌లు గాయానికి స్పందించి ఉబ్బుతాయి. అటువంటి కణాల్లో గ్రాహకాల తీరు మారిపోవచ్చు. మూర్ఛ నమూనాల్లో పెద్ద జంతువుల ఆస్ట్రోసైట్‌లలో ఎంగ్లూఆర్5 తిరిగి కనిపించడం నమోదైంది. సూది దారికి దూరంగా ఉన్న కణాలనే తీసుకోండి. ప్రయోగం ముగిశాక కొన్ని స్లైసులకు, గాయానికి స్పందించిన ఆస్ట్రోసైట్‌లలో పెరిగే జీఎఫ్ఏపీ ప్రోటీన్‌ను చూపే రంగు వేసి, కణాలు మామూలుగానే ఉన్నాయని నిర్ధారించుకోండి.

మూడో మెట్టు: ద్రావణాలు, స్లైసులు

కృత్రిమ మెదడు ద్రవం, అంటే ఏసీఎస్ఎఫ్, సాధారణంగా ఇలా ఉంటుంది: సోడియం క్లోరైడ్ 125, పొటాషియం క్లోరైడ్ 2.5, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.25, సోడియం బైకార్బొనేట్ 26, గ్లూకోజ్ 10, కాల్షియం క్లోరైడ్ 2, మెగ్నీషియం క్లోరైడ్ 1, అన్నీ మిల్లీమోలార్‌లలో. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ మిశ్రమాన్ని కనీసం పదిహేను ఇరవై నిమిషాలు బుడగలుగా పంపాకే కాల్షియం క్లోరైడ్ కలపండి. తొందరపడి ముందే కలిపితే బీకరు అడుగున పలచని పాలు పోసినట్టు తెల్లని మసక తేలుతుంది, కాంతికి ఎదురుగా పట్టి చూస్తే సన్నని పొడి తిరుగుతూ కనబడుతుంది. అది కాల్షియం అవక్షేపం. బుడగలు పంపితే ఆ మసక కొంత తగ్గినట్టు కనిపించినా ఆ ద్రావణాన్ని పారబోయండి. అందులో కాల్షియం ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు, మీరు కొలవబోయేది కాల్షియం సంకేతాలనే.

కోత సమయంలో సోడియం బదులు సుక్రోజ్ గానీ ఎన్‌ఎండీజీ గానీ ఎక్కువగా ఉన్న చల్లని ద్రావణం వాడితే, ముఖ్యంగా పెద్ద జంతువుల స్లైసులు బాగా నిలుస్తాయి. 300 మైక్రాన్ల మందం సరిపోతుంది. కోశాక 32 నుంచి 34 డిగ్రీల దగ్గర అరగంట, ఆపై గది ఉష్ణోగ్రత వద్ద కనీసం గంట విశ్రాంతి ఇవ్వండి. గాయపడిన కణాల నుంచి కారిన ఏటీపీ, గ్లూటమేట్ సద్దుమణగడానికి ఆ సమయం కావాలి.

రికార్డింగ్‌ను గది ఉష్ణోగ్రతలో చేయాలా, 32 డిగ్రీల దగ్గర చేయాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గ్లూటమేట్‌ను తొలగించే వాహక ప్రోటీన్ల వేగం ఉష్ణోగ్రతతో బాగా మారుతుంది. చల్లని స్లైసులో గ్లూటమేట్ ఎక్కువసేపు నిలిచి, మామూలుగా చేరని గ్రాహకాలను కూడా చేరవచ్చు. నా సలహా 32 డిగ్రీలే.

నాలుగో మెట్టు: కణాన్ని ఎంచుకుని, కదలికలేని ఆధారరేఖ సంపాదించండి

స్లైసు పైపొరలో కోతకు దెబ్బతిన్న కణాలుంటాయి, కాబట్టి కనీసం 40 మైక్రాన్ల లోతులో చూడండి. ఫ్లూఓ-4 వాడుతున్నట్లయితే, వెలిగే ప్రతి గుండ్రని కణమూ ఆస్ట్రోసైట్ కాదు. సల్ఫోరోడమిన్ 101 అనే ఎర్ర రంగుతో గుర్తించడం వాడుకలో ఉంది, కానీ అది న్యూరాన్ల ఉత్తేజాన్ని పెంచగలదని, ఆలిగోడెండ్రోసైట్‌లలోకి కూడా చేరగలదని తెలుసు. అందుకే తక్కువ గాఢతలో వాడండి, వీలైతే రికార్డింగ్ అయ్యాక మాత్రమే వేయండి.

లేజర్ శక్తిని కనబడేంత వరకే ఉంచండి. ఎక్కువ కాంతి దానికదే ఆస్ట్రోసైట్‌లలో కాల్షియాన్ని పుట్టిస్తుంది. ఏ మందూ ఇవ్వకుండా పది నిమిషాలు చిత్రించినప్పుడు మెరుపుల సంఖ్య క్రమంగా పెరుగుతుంటే తప్పు మీ లేజర్‌దే. కణదేహపు స్పందనలకు సెకనుకు ఒకటి రెండు చిత్రాలు చాలు, ఎందుకంటే అవి పలు సెకన్లపాటు సాగుతాయి. సన్నని శాఖల్లోని మెరుపులు కొన్ని సెకన్లకే ఆరిపోతాయి కాబట్టి వాటికి అంతకంటే వేగం కావాలి.

మందు ఇచ్చే ముందు, మందు లేని ఏసీఎస్ఎఫ్ నుంచి మందు లేని మరో ఏసీఎస్ఎఫ్‌కు కవాటం తిప్పి చూడండి. ప్రవాహం మారినప్పుడు స్లైసు ఒకటి రెండు మైక్రాన్లు పైకో కిందికో జరుగుతుంది. అప్పుడు తెర మీద ఉన్న కణం ఒక్కసారిగా కొద్దిగా మసకబారి, పక్కనున్న మరో కణం తేలివస్తుంది. గ్రాఫులో అది అచ్చంగా కాల్షియం స్పందనలాగే కనబడుతుంది. ఈ పరీక్ష ఫలితం ప్రతి స్లైసుకూ విడిగా నమోదు చేయండి.

ఐదో మెట్టు: న్యూరాన్ల గొంతు తగ్గించండి

టీటీఎక్స్ (టెట్రోడోటాక్సిన్) అనే విషాన్ని 0.5 నుంచి 1 మైక్రోమోలార్ ఇస్తే సోడియం ద్వారాలు మూసుకుని న్యూరాన్ల విద్యుత్ ప్రేరణలు (యాక్షన్ పొటెన్షియల్స్) ఆగిపోతాయి. దానితో పని అయిపోయిందనుకోవద్దు. టీటీఎక్స్ ఉన్నా సైనాప్స్‌ల చివరల నుంచి గ్లూటమేట్ చుక్కచుక్కగా విడుదలవుతూనే ఉంటుంది, పైనుంచి ఇచ్చిన మందు న్యూరాన్ల మీది గ్రాహకాలను నేరుగా కదిలించగలదు కూడా. అందువల్ల ఎన్‌బీక్యూఎక్స్ 10 మైక్రోమోలార్, డీ-ఏపీ5 50 మైక్రోమోలార్ కలిపి ఆంపా, ఎన్ఎండీఏ గ్రాహకాలను మూయండి. న్యూరాన్లు, గ్లియల్ కణాలు విడుదల చేసే ఏటీపీ అదే జీక్యూ, ఐపీ3 దారిలో ఆస్ట్రోసైట్ కాల్షియాన్ని పెంచుతుంది కాబట్టి, పీ2వై1 గ్రాహకాన్ని అడ్డుకునే ఎంఆర్‌ఎస్2179ను కూడా ఒక వరుస ప్రయోగాల్లో చేర్చండి. ఇన్ని అడ్డుకట్టలు వేశాక కూడా స్పందన దాదాపు అలాగే నిలిస్తే, అది నేరుగా ఆస్ట్రోసైట్‌దే అనడానికి బలం చేకూరుతుంది. సగానికి పడిపోతే ఆ సగం ఎక్కడిదో మీరు ఇంకా వెతకాలి.

బెర్గ్‌మన్ గ్లియాలోనో ఎన్‌జీ2 కణాల్లోనో ఆంపా గ్రాహకాలే మీ ప్రశ్న అయితే ఈ మెట్టు తలకిందులవుతుంది. అక్కడ ఎన్‌బీక్యూఎక్స్ మీ ముఖ్య పరీక్ష అవుతుంది, న్యూరాన్లను నిశ్శబ్దం చేయడానికి టీటీఎక్స్, కాడ్మియం వంటి వేరే దారులు వాడాలి.

ఆరో మెట్టు: గ్లూటమేట్ ఇవ్వకండి, దాని పని చేసే మందు ఇవ్వండి

స్లైసు మీదకు పారించిన గ్లూటమేట్ లోపలికి దిగేలోపే ఆస్ట్రోసైట్‌ల మీదున్న జీఎల్‌టీ-1, గ్లాస్ట్ అనే వాహక ప్రోటీన్లు దాన్ని లాగేసుకుంటాయి. మెదడులో ఇవి ఎంత దట్టంగా ఉంటాయంటే, ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో కణాల మధ్య ద్రవంలో గ్లూటమేట్ మామూలుగా నానోమోలార్ స్థాయిలోనే ఉంటుంది. సైనాప్స్ సందులో మాత్రం విడుదలైన క్షణంలో అది సుమారు 1 మిల్లీమోలార్‌కు చేరి, మిల్లీసెకన్లలో పడిపోతుంది. పైనుంచి పారించిన గ్లూటమేట్‌తో స్పందన రాబట్టాలంటే ఇంత పెద్ద మోతాదు ఇవ్వాల్సి వస్తుంది, అప్పుడు న్యూరాన్లు, వాహక ప్రోటీన్లు, అన్ని రకాల గ్రాహకాలూ ఒక్కసారిగా కదులుతాయి. దేనివల్ల ఏం జరిగిందో చెప్పే అవకాశం అక్కడితో పోతుంది.

ఎంగ్లూఆర్1, 5 మీద మాత్రమే పనిచేసే డీహెచ్‌పీజీని వాహక ప్రోటీన్లు లాక్కోవు. దాన్ని 10 నుంచి 50 మైక్రోమోలార్ వరకు ఒకటి రెండు నిమిషాలు పారించి, తర్వాత కనీసం పదిహేను నిమిషాలు కడిగేయండి. సైనాప్స్ దగ్గరి పరిస్థితికి దగ్గరగా చూడాలనుకుంటే ఎంఎన్‌ఐ-గ్లూటమేట్ అనే, కాంతి పడినప్పుడే గ్లూటమేట్‌గా మారే పదార్థాన్ని ఒక శాఖ పక్కనే విడుదల చేయవచ్చు. అయితే ఆ పదార్థం గాబా-ఏ గ్రాహకాలను కొంత అడ్డుకుంటుందని మరవద్దు.

డీహెచ్‌పీజీకి స్పందన రాకపోతే వెంటనే "గ్రాహకం లేదు" అని రాయకండి. ప్రతి స్లైసుకూ చివరలో 10 మైక్రోమోలార్ ఫినైలెఫ్రిన్ గానీ, 100 మైక్రోమోలార్ ఏటీపీ గానీ ఇచ్చి చూడండి. ఇవి వేరే గ్రాహకాల ద్వారా అదే జీక్యూ, ఐపీ3 దారిని నడిపిస్తాయి. పెద్ద చిట్టెలుక స్లైసులో డీహెచ్‌పీజీకి ఏమీ జరగక, తర్వాత ఫినైలెఫ్రిన్‌కు అదే కణం ఉవ్వెత్తున వెలిగిందంటే, కణం బతికే ఉంది, సూచిక పనిచేస్తోంది, లోపలి కాల్షియం నిల్వ నిండుగా ఉంది, లేనిది ఆ గ్రాహకమే అని నిజాయతీగా చెప్పగలరు. ఈ చివరి మందు లేని ప్రతికూల ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఏడో మెట్టు: నిరోధకంతో పరీక్ష, రెండోసారి తగ్గే స్పందన

ఎంగ్లూఆర్5ను అడ్డుకోవడానికి ఎంపీఈపీ, ఎంగ్లూఆర్1కు ఎల్‌వై367385 వాడుకలో ఉన్నాయి. ఎంపీఈపీ మోతాదు పెంచితే ఎన్ఎండీఏ గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది కాబట్టి పనిచేసే అతి తక్కువ మోతాదును మీ స్లైసుల్లోనే వెతుక్కోండి.

అందరూ సహజంగా చేసే ప్రయోగం ఇది: ముందు డీహెచ్‌పీజీ ఇచ్చి స్పందన చూస్తారు, కడుగుతారు, ఎంపీఈపీ ఇస్తారు, మళ్లీ డీహెచ్‌పీజీ ఇస్తారు, రెండోసారి స్పందన తగ్గింది కాబట్టి ఎంపీఈపీ పనిచేసిందంటారు. ఈ ప్రయోగం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఒంటరిగా మాత్రం దేన్నీ నిరూపించదు. ఒకసారి కదిలిన ఎంగ్లూఆర్5 కొంతసేపు మందగిస్తుంది, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం నిల్వ పూర్తిగా నిండి ఉండదు, సూచిక కొంత వెలిసిపోయి ఉంటుంది. నా మొదటి వరుస ప్రయోగాల్లో ఎంపీఈపీ స్పందనను బాగా తగ్గించిందని సంతోషించాను. తర్వాత నిరోధకం లేకుండా కేవలం రెండుసార్లు డీహెచ్‌పీజీ ఇచ్చి చూస్తే, రెండో స్పందన దాదాపు అంతే తగ్గింది. ఆ వారాల పనంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అందువల్ల అదే వ్యవధిలో, నిరోధకం లేకుండా రెండుసార్లు డీహెచ్‌పీజీ ఇచ్చే స్లైసులను అదే రోజుల్లో, అదే జంతువుల నుంచి తీసి, నిరోధకం ఇచ్చిన స్లైసులతో ఒకటి విడిచి ఒకటిగా నడపండి. పోల్చాల్సింది ఆ రెండు గుంపుల రెండో స్పందనలను. ఇంకా మేలైన దారి, ఒక స్లైసుకు ఒక్కసారే డీహెచ్‌పీజీ ఇచ్చి, సగం స్లైసులకు ముందే ఎంపీఈపీ ఇచ్చి ఉంచడం. జంతువులు కొంచెం ఎక్కువ కావాలి, వాదన మాత్రం సూటిగా ఉంటుంది.

కాల్షియం లోపలి నిల్వ నుంచే వచ్చిందని చూపడానికి, నిల్వను ఖాళీ చేసే సైక్లోపయాజోనిక్ ఆమ్లం ఇచ్చి స్పందన పోతుందో లేదో చూడండి. రెండో రకం ఐపీ3 గ్రాహకం లేని చిట్టెలుకలు దొరికితే ఇంకా బలం. కాకపోతే ఆ జంతువుల్లో కణదేహపు స్పందనలు చాలావరకు పోయినా, సన్నని శాఖల్లో మెరుపులు కొన్ని మిగిలే ఉంటాయని తెలిసి ఉండాలి, లేకపోతే మీ సూచిక పాడైందని అనుకుంటారు.

ఎనిమిదో మెట్టు: వాహక ప్రోటీన్ల వాటాను విడదీయండి

డీహెచ్‌పీజీతోనే ఆగిపోతే ఈ మెట్టు అక్కరలేదు. నాడీ తంతువులను విద్యుత్తుతో ప్రేరేపించి నిజమైన గ్లూటమేట్ విడుదలను చూస్తున్నవారికి మాత్రం తప్పదు. ఒక్కో గ్లూటమేట్‌తో పాటు 3 సోడియం అయాన్లు, ఒక ప్రోటాన్ లోపలికి వస్తాయి, ఒక పొటాషియం బయటికి పోతుంది. సోడియం పెరిగితే, కాల్షియాన్ని బయటికి పంపాల్సిన సోడియం, కాల్షియం మార్పిడి ప్రోటీన్ తిరగబడి కాల్షియాన్ని లోపలికి తేగలదు. టీబీఓఏతో వాహక ప్రోటీన్లను మూస్తే ఈ దారి ఆగుతుంది, కానీ అదే సమయంలో బయట గ్లూటమేట్ పేరుకుని గ్రాహకాలను మరింత కదిలిస్తుంది. అందుకే టీబీఓఏను విడిగా, ఎంపీఈపీ తదితర గ్రాహక నిరోధకాలతో కలిపి, రెండు విధాలా ఇచ్చి చూడండి. గ్రాహకాలన్నీ మూసి ఉన్నప్పుడు మిగిలిన స్పందన టీబీఓఏతో పోతే, అది వాహక ప్రోటీన్ల పనే.

తొమ్మిదో మెట్టు: కాల్షియం మౌనంగా ఉంటే సైక్లిక్ ఏఎంపీని అడగండి

పెద్ద జంతువుల ఆస్ట్రోసైట్‌లలో ఎంగ్లూఆర్3 పుష్కలంగా ఉంటుంది. దాన్ని కదిలించే ఎల్‌వై379268 ఇచ్చినప్పుడు కాల్షియం గీత నిటారుగా సాగితే, కణం వినలేదని కాదు. సైక్లిక్ ఏఎంపీ సూచికతో చూడండి. ఇక్కడ ఒక మెళకువ ఉంది: మామూలు స్థితిలో సైక్లిక్ ఏఎంపీ ఇప్పటికే తక్కువగా ఉంటే ఇంకా తగ్గడం సూచికలో కనబడదు. ముందు ఫోర్స్‌కోలిన్ కొద్ది మోతాదులో గానీ, నోరాడ్రినలిన్ బీటా గ్రాహకాలను కదిలించే మందు గానీ ఇచ్చి దాన్ని పైకి తెచ్చి, ఆ తర్వాత ఎల్‌వై379268తో ఎంత దిగుతుందో కొలవండి.

పదో మెట్టు: లెక్కలు

ముందు చిత్రాల కదలికను సరిచేయండి, ఆ తర్వాతే ప్రాంతాలు గీయండి. ప్రతి ప్రాంతపు వెలుగునూ దాని ఆధార వెలుగుతో భాగించి సాపేక్ష మార్పును తీసుకోండి. ఆధారరేఖ సగటుకు పైన మూడు ప్రామాణిక విచలనాలు దాటినదాన్ని స్పందనగా లెక్కించడం సాధారణ పద్ధతి. ఏ హద్దు పెట్టినా దాన్ని ఫలితాలు చూడకముందే నిర్ణయించండి. సన్నని శాఖల మెరుపులు ఒకచోట పుట్టి, ఆకారం మార్చుకుంటూ, పక్కకు జరుగుతాయి కాబట్టి చేత్తో గీసిన గుండ్రని ప్రాంతాలు వాటిని సరిగా పట్టవు. 2019లో వచ్చిన ఆక్వా వంటి, ఒక్కో సంఘటనను విడిగా గుర్తించే సాఫ్ట్‌వేర్ వాడండి. అయినా కనీసం పది రికార్డింగులను మీ కళ్లతో మొత్తం చూడండి. స్లైసు జరిగినప్పుడు పుట్టిన మెరుపును సాఫ్ట్‌వేర్ సంఘటనగా రాసుకోవడం, కళ్లు దాన్ని వెంటనే పట్టేయడం ఎన్నోసార్లు జరిగే పని.

గణాంకాల్లో ఒక మాట గట్టిగా చెప్పాలి. మూడు చిట్టెలుకల నుంచి రెండు వందల కణాలు కొలిచారంటే మీ నమూనా సంఖ్య 200 కాదు. ఒకే స్లైసులోని ఆస్ట్రోసైట్‌లు కనెక్సిన్ 43, 30 అనే ప్రోటీన్ల సొరంగాలతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి, ఒకే మందు ఒకే క్షణాన వాటన్నిటినీ చేరుతుంది. అవి స్వతంత్ర పరిశీలనలు కావు. జంతువును మూల ప్రమాణంగా తీసుకోండి, లేదా కణం, స్లైసు, జంతువు అనే అంతరాలను లెక్కలోకి తీసుకునే మిశ్రమ నమూనా వాడండి. పీ విలువ ఆకర్షణ కాస్త తగ్గుతుంది, కానీ మరో ప్రయోగశాలలో అదే ఫలితం వచ్చే అవకాశం పెరుగుతుంది.

పదకొండో మెట్టు: గ్రాహకాన్ని ఆస్ట్రోసైట్‌లలో మాత్రమే తీసేయండి

మందులతో ఎంత జాగ్రత్తగా చేసినా, అవి న్యూరాన్లలోని ఎంగ్లూఆర్5నూ తాకుతాయనే అనుమానం మిగులుతుంది, ఎందుకంటే ఎదిగిన జంతువు మెదడులో ఎంగ్లూఆర్5 ఎక్కువగా ఉండేది న్యూరాన్లలోనే. ఏఎల్‌డీహెచ్1ఎల్1 ప్రమోటర్ కింద టామోక్సిఫెన్‌తో పనిచేసే క్రే ఉన్న చిట్టెలుకలను, ఎంగ్లూఆర్5 జన్యువుకు ఇరువైపులా లాక్స్‌పీ గుర్తులున్న చిట్టెలుకలతో సంకరపరిస్తే, మీకు కావలసిన వయసులో ఆస్ట్రోసైట్‌ల నుంచి మాత్రమే గ్రాహకాన్ని తీసేయవచ్చు. టామోక్సిఫెన్ ఇచ్చాక ఇదివరకే తయారై ఉన్న ప్రోటీన్ కరిగిపోవడానికి కొన్ని వారాలు ఆగండి. పిల్లల వయసులో చేస్తున్నట్లయితే ఈ ఎదురుచూపులోనే గ్రాహకం సహజంగా తగ్గే వయసు దాటిపోతుంది కాబట్టి టామోక్సిఫెన్ రోజును వెనక నుంచి లెక్కపెట్టి నిర్ణయించండి. క్రే ఉండి లాక్స్‌పీ లేని తోబుట్టువులకు కూడా టామోక్సిఫెన్ ఇచ్చి నియంత్రణ గుంపుగా ఉంచండి.

ఫలితం రాసేటప్పుడు వయసును రోజుల్లో, ఉష్ణోగ్రతను, సూచికను, చూసింది కణదేహంలోనా శాఖల్లోనా అన్నదాన్ని ఒకే వాక్యంలో చేర్చండి. ఉదాహరణకు, "12 నుంచి 14 రోజుల వయసు చిట్టెలుక హిప్పోకాంపస్ సీఏ1 ఆస్ట్రోసైట్‌ల కణదేహాల్లో, ఫ్లూఓ-4తో చూసినప్పుడు, 32 డిగ్రీల వద్ద, టీటీఎక్స్, ఎన్‌బీక్యూఎక్స్, డీ-ఏపీ5 సమక్షంలో, డీహెచ్‌పీజీ కలిగించిన కాల్షియం పెరుగుదలను ఎంపీఈపీ అడ్డుకుంది" అని రాయండి. స్పందన రాని స్లైసులను, ఫినైలెఫ్రిన్‌కు కూడా వెలగక తొలగించిన స్లైసులను, వాటి సంఖ్యతో సహా అదే పట్టికలో చూపండి.